చింతపిక్కల లెక్క

దుర్గాప్రసాద్ మీద భానుశ్రీకి ఉన్న ఫిర్యాదు ఒక్కటే: మనిషి మరీ శుభ్రం. తాగుబోతు మొగుడని చెప్పుకుంటే నలుగురూ జాలిపడతారు. కొట్టే మొగుడని చెప్పుకుంటే పుట్టింటివాళ్ళు బయల్దేరి వస్తారు. శుభ్రమైన మొగుడి గురించి ఎవరికి చెప్పుకోవాలి? సోఫా కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ సోఫా మీదే ఉంది. కూర్చుని లేస్తే చర్మం సగం దానికే అంటుకుని ఉండిపోతుంది. టీవీ రిమోట్‌కి ఒక కవరు, ఆ కవరుకి ఒక రబ్బరు బ్యాండు. కొత్త స్టీలు గ్లాసులు చుట్టాలొస్తే తీద్దామని అటక మీద ఉంటాయి. చుట్టాలొస్తే, వీళ్ళు గీతలు పెడతారని మళ్ళీ పాతవే బయటికొస్తాయి. వస్తువు కొనేది పాడుకాకుండా ఉంచడానికే అని అతని నమ్మకం.

ఇంటివరకూ అయితే ఆమె సర్దుకుపోయేది. చిక్కల్లా ఆ మనిషే బళ్ళో ఆమెకి హెడ్మాస్టరు కూడా కావడం.

తుమ్మెదగూడ బడికి ఉన్నదే ఇద్దరు టీచర్లు. అరకులో అద్దె ఇంటికి తాళం వేసి, స్కూటర్ మీద కాఫీ తోటల మధ్య మెలికల రోడ్డు ఎక్కి వస్తారు. గేటు దాకా ఆమెకి అతను "ఏవండీ", గేటు దాటితే "సార్". అతనూ అంతే. దారంతా "భానూ, గట్టిగా పట్టుకో" అన్నవాడు గేటు దాటగానే "టీచర్ గారూ, ప్రేయరుకి టైమైంది" అంటాడు.

ఆ సోమవారం కూడా స్కూటర్ దిగుతూనే ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బడి వెనకున్న నీలం తలుపుల దగ్గరికి నడిచాడు. కొత్తగా కట్టిన మరుగుదొడ్లు అవి. తెల్లటి టైల్స్, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి, గోడ మీద చేతులు కడుక్కుంటున్న ఓ నవ్వుల పిల్ల బొమ్మ. రోజూ పొద్దున్నే వాటిని ఫోటో తీసి యాప్‌లో పెట్టాలని పైనుంచి ఉత్తర్వు. దుర్గాప్రసాద్ బ్రష్ పెట్టి తోమాడు. నీళ్ళు కొట్టాడు. పొడిగుడ్డతో తుడిచాడు. గడప బయట నిలబడి, తన నీడ టైల్స్ మీద పడకుండా పక్కకి ఒరిగి ఫోటో తీశాడు. సిగ్నల్ కోసం బడి వెనక బండరాయి ఎక్కి ఫోన్ పైకెత్తి నిలబడ్డాడు. ఫోటో వెళ్ళిందని ఫోన్ టింగుమంది. దిగొచ్చి తలుపులు రెండింటికీ తాళాలు వేసి, తాళంచెవులు జేబులో వేసుకున్నాడు.

మండలంలో అంత అందమైన ఫోటో ఇంకే బడి నుంచీ వెళ్ళదు. వాట్సాప్ గ్రూపులో పై ఆఫీసరు దాని కింద చప్పట్ల బొమ్మలు పెడతాడు.

భానుశ్రీ తన తరగతిలోకి వెళ్ళి జగదీష్‌ని నేల మీద వెల్లకిలా పడుకోమంది.

మూడో తరగతి జగదీష్‌కి పడుకోమంటే ఆనందమే గానీ కదలొద్దంటే కష్టం. సుద్దముక్క చంకలోకి రాగానే మెలికలు తిరిగిపోయాడు. పిల్లలంతా చుట్టూ మూగి చేతులూ కాళ్ళూ అదిమి పట్టారు. వాడు లేచేసరికి నేల మీద నిండు మనిషి మిగిలాడు. అది ఆడో మగో తెలీదు. అందుకే అందరిదీ.

ఆ వారమంతా ఆ బొమ్మ చుట్టూనే చదువు. తెలుగు పీరియడ్‌లో దానికి కళ్ళూ చెవులూ పెట్టి, అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటే ఏమంటాయో పిల్లల చేత చెప్పించేది. లెక్కల్లో దాన్ని జానలతో కొలిపించేది. ఆటల పీరియడ్‌లో గేటు దాకా పరుగెత్తించి గుండె మీద చెయ్యి పెట్టి వినమనేది. "తెలుగు పీరియడ్‌లో తెలుగు చెప్పండి టీచర్ గారూ" అని హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి అనేవాడు. "ఒళ్ళు అన్ని పీరియడ్లకీ వస్తుంది సార్, దాన్నొక్కదాన్నీ బయట కూచోబెట్టలేం కదా" అని ఆమె వినయంగానే జవాబిచ్చేది. ఆ వినయం ఇంట్లో ఎంతకి తేలుతుందో తెలిసినవాడు గనక అతను వెళ్ళిపోయేవాడు.

"నీళ్ళు తాగాం. ఎక్కడికెళ్ళాయి?" అంది భానుశ్రీ ఆ సోమవారమే, బొమ్మ గొంతు మీద వేలు పెట్టి.

"కడుపులోకి!"

"అక్కణ్ణించి పేగుల్లోకి. పేగుల్లోంచి రక్తంలోకి. ఆ రక్తాన్ని వడకట్టేవి రెండుంటాయి. ఎక్కడ?"

జగదీష్ చెయ్యెత్తాడు. "ఈపు కాడ టీచర్! మేకని కోసినప్పుడు సూసినాను. మా అయ్య కాల్చి పెట్టాడు."

"అవే. మనకీ ఉంటాయి."

"మనల్ని ఎవులూ కొయ్యనేదు కదా టీచర్, ఎలాగ తెలిసింది?"

భానుశ్రీకి బి.ఇడి.లో ఎవరూ వేయని ప్రశ్న అది. ఆస్పత్రులూ ఆపరేషన్లూ చెప్పి గట్టెక్కింది. మధ్యాహ్నం వంటకని తెచ్చిన రాజ్మా గింజలు రెండు అడిగి పుచ్చుకుని, బొమ్మ నడుముకి అటొకటీ ఇటొకటీ పెట్టించింది. మూత్రపిండాల ఆకారం చెప్పడానికి కొండమీద అంతకన్నా మంచి వస్తువు లేదు. వాటికింద సంచీ గీయించింది. మేక సంచీ ఊదితే బెలూన్ అవుతుందని నలుగురు ఒక్కసారే చెప్పారు.

తర్వాత లెక్కలు. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక అడ్డాకు దొప్ప. పేర్లు రాసి కిటికీ కింద వరసగా పెట్టించింది. పక్కన గంపలో చింతపిక్కలు.

"ఒంటికి వెళ్ళొచ్చినప్పుడల్లా మీ దొప్పలో ఒక పిక్క వెయ్యండి. సాయంత్రం ఎక్కువ తక్కువలు చూద్దాం."

మగపిల్లలకి ఆ లెక్క తెగ నచ్చింది. పిక్క వెయ్యడం కోసమే వెనక గోడ దగ్గరికి పరిగెత్తి వచ్చినవాళ్ళున్నారు. సాయంత్రం దొప్పలెత్తి ఊపితే మగపిల్లలవి గలగలమన్నాయి. ఆడపిల్లలవి ఊగాయి గానీ మోగలేదు. ఒక్కదాంట్లోనూ పిక్క లేదు.

జగదీష్ రెండు వరసలూ చూసి ఆలోచించి, శాస్త్రజ్ఞుడిలా తేల్చాడు. "టీచర్, ఆడగుంటలకి సంచీ పెద్దదా?"

అందరూ నవ్వారు. రెండో తరగతి చిట్టి నవ్వలేదు. కాలు మీద కాలు బిగించి కూర్చుంది. దాని పక్కన నీళ్ళసీసా పొద్దున్న ఎంత నిండుగా ఉందో అంతే నిండుగా ఉంది.

"మీరెవరూ ఎందుకు వెళ్ళలేదే?" అంది భానుశ్రీ.

ఆడపిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గుమ్మంలో డేక్సా తోముకుంటున్న వంటావిడ నూకరత్నం తల తిప్పకుండానే అంది. "ఎక్కడికెల్తారమ్మా? మామూలప్పుడైతే తోటలోకి ఎల్లీవోరు. ఇప్పుడు పళ్ళకోత కదా. వ్యాన్లలో కింద ఊళ్ళ మగోళ్ళు కూడా దిగుతన్నారు. ప్రతి సెట్టుకీ ఓ మనిషి. అందుకే పొద్దున్నుంచీ నీళ్ళు తాగరు. నాకు తెలిసిందే, మీకు తెలీదా?"

భానుశ్రీకి తెలీదు. ఆమెకి అవసరమైనప్పుడు సార్ జేబులోంచి తాళంచెవి వచ్చేది.

తిరుగుదారిలో స్కూటర్ రెండో మలుపు దాటాక ఆమె అడిగింది. "ఏవండీ, ఆ తలుపులు తీసి ఉంచితే ఏమవుతుంది?"

"పాడవుతాయి."

"వాడితే పాడవకుండా ఉండే వస్తువుందా?"

"అందుకే వాడనివ్వట్లేదు." అతనికి తన మాటలో తప్పు కనిపించలేదు. "వాళ్ళకి అలవాటు లేదు భానూ. నీళ్ళు కొట్టరు, రాళ్ళేస్తారు. పొద్దున్న ఫోటో ఎలా ఉంటుందో ఆలోచించు. పక్క బడి హెడ్మాస్టరుకి మెమో వచ్చింది, ఫోటోలో మరకుందని. నాకు కూడా రావాలా?"

"ఫోటోలో పిల్లలు లేరని మెమో రాదా?"

"నీకు కావాలంటే తాళంచెవి అడుగు, నేనెప్పుడైనా కాదన్నానా?" అన్నాడు అతను. అంతటితో న్యాయం పూర్తయినట్టు గేరు మార్చాడు.

మర్నాడు చిట్టి బడికి వచ్చిందిగానీ పలక తియ్యలేదు. మొహం ఎర్రగా ఉంది. భానుశ్రీ నుదుటి మీద చెయ్యి వేస్తే వేడిగా తగిలింది.

"ఎక్కడ నొప్పే అమ్మా?"

ఆడపిల్ల ఎక్కడ నొప్పో చెప్పాలంటే దానికి మాటలుండాలి. ఆ మాటలు నోట్లోకి రాకముందే పెద్దవాళ్ళు నోరు మూయిస్తారు. కాసేపటికి చిట్టి తనంతట తానే లేచింది. నేల మీద బొమ్మ దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, సంచీ గీసిన చోట వేలు పెట్టింది. అక్కణ్ణుంచి ఆ వేలు కిందకి జరిపింది.

"మండతంది టీచర్. నిన్నటేల నుంచీ."

భానుశ్రీ దాన్ని ఎత్తుకుని వరండాలోకి వచ్చింది. హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని మధ్యాహ్న భోజనం లెక్కలు ఎక్కిస్తున్నాడు.

"సార్, తాళంచెవి."

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. చిట్టిని చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పిల్లకా?"

"పిల్లకే. దీనికే కాదు, అందరికీ. ఇకనుంచి తీసే ఉంచుదాం."

"గురువారం విజిట్ ఉంది టీచర్ గారూ. రాత్రే మెసేజ్ వచ్చింది. విజిట్ అవనివ్వండి, తర్వాత చూద్దాం." గొంతు తగ్గించాడు. "పరువు తియ్యకు భానూ. ఆ దొప్పలూ అవీ కూడా తీసెయ్. ఆఫీసరొచ్చి అదేమిటని అడిగితే ఏం చెప్తాం? చండాలంగా లేదూ?"

ఈలోగా నూకరత్నం కబురంపడంతో తోటలోంచి చిట్టి తల్లి బుద్రి వచ్చింది. నడుముకి బుట్ట అలాగే ఉంది, అందులో ఎర్రటి కాఫీ పళ్ళు. పిల్లని భానుశ్రీ చేతుల్లోంచి తీసుకుంది. విషయం విన్నది. నీలం తలుపుల కేసి ఒకసారి, హెడ్మాస్టరు కేసి ఒకసారి చూసింది.

"ఇంటికాడున్నప్పుడు బానే ఉండీది మేష్టరు. గెడ్డ ఒడ్డుకి ఎల్లొచ్చీది, కడుపునిండా నీళ్ళు తాగీది. బడికి పంపినాక రోగమొచ్చింది."

"ఏయ్, బడి వల్ల రోగాలొస్తాయా? మీరు శుభ్రం పాటించరు..."

"శుబ్రం మీ కాడ ఉంది కదా, తాలమేసి." బుద్రి బుట్ట సర్దుకుంది. "ఇంక నా గుంటని పంపను. ఆ టీచరమ్మంటే దీనికి పేనం. అయినా పంపను."

సాయంత్రం భానుశ్రీ చిట్టి వాళ్ళ ఇంటికి వెళ్ళింది. నర్సమ్మ చూసి వెళ్ళింది అప్పటికే. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని, నీళ్ళు తాగకుండా బిగబట్టుకోవడం వల్లనని చెప్పి మందులిచ్చింది. చిట్టి దుప్పటిలోంచి చెయ్యి బయటపెట్టి అడిగింది. "టీచర్, నా దొప్ప పారేసినారా?"

"లేదే. అక్కడే ఉంది."

"నేను రాకపోతే కాళీగానే ఉంటాది కదా."

భానుశ్రీ తల్లి వైపు చూసింది. బుద్రి పొయ్యి ఊదుతూ తల ఎత్తలేదు. "ఆ తలుపులు తెరవనీ. అప్పుడు మాటాడుదాం" అంది.

బుధవారం భానుశ్రీ దొప్పలు తియ్యలేదు. ఇంకో రెండు కలిపింది. ఒకదాని మీద "టీచర్" అని రాసింది, ఒకదాని మీద "సార్" అని. సార్ దొప్ప బాధ్యత జగదీష్‌కి అప్పగించింది. ఆ పిల్లాడు ఆ రోజు పాఠాలు సగం కళ్ళతోనే విన్నాడు, మిగతా సగం వరండా మీదే ఉన్నాయి. సార్ నీలం తలుపు తీసి లోపలికి వెళ్ళి, వచ్చాక కడిగి, తాళం వేసి కుర్చీలో కూర్చోగానే కిటికీ దగ్గర టక్కుమని చప్పుడయ్యేది.

టీచర్ దొప్ప ఖాళీ. మధ్యాహ్నం దుర్గాప్రసాద్ తనంతట తనే తాళంచెవి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని చూడనట్టే ఆడపిల్లలని లేపింది.

"పదండి. వరసలో. ఒకరి వెనక ఒకరు."

"ఎక్కడికి టీచర్?"

"ఒంటికి."

ముందు భానుశ్రీ, వెనక ఆడపిల్లలందరూ, చివర నూకరత్నం ఒక దుప్పటి చంకన పెట్టుకుని. బడి గేటు దాటి, రోడ్డు దాటి, కాఫీ తోటలోకి నడిచారు. పళ్ళు కోసే చేతులు ఆగాయి. మిరియపు తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు మీద నిచ్చెనెక్కినవాడు అక్కడే ఆగిపోయాడు. బుద్రి వాళ్ళని చూసి బుట్ట దించింది. విషయం చెప్పకుండానే ఆమెకి అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తోటంతా మోగేలా కేకేసింది.

"ఒరే మగోళ్ళూ! ఆ కిందకి దిగండి బేగి! మేష్టరి ఇంటామె వత్తంది!"

మగవాళ్ళు వాలులోకి దిగిపోయారు. ఆడవాళ్ళు దుప్పటికి చెరో కొసా పట్టుకున్నారు. భానుశ్రీ పెళ్ళయినప్పటినుంచీ, ఆ మాటకొస్తే పుట్టినప్పటినుంచీ, ఇలా తోటలోకి వెళ్ళింది లేదు. గడ్డి చల్లగా కాళ్ళకి తగిలింది. దుప్పటి అవతల ఎవరో ముసలావిడ అడుగుతోంది. "ఇదేటే, మేష్టరమ్మకి కూడా తలుపు తియ్యనేదా? ఇంట్లో ఏటి గొడవ?" ఇంకెవరో నవ్వారు. భానుశ్రీ కూడా నవ్వింది. నవ్వితే పని ఆలస్యమవుతుందని ఆవేళే తెలిసింది.

తిరిగి వచ్చి వరసగా కిటికీ దగ్గర నిలబడ్డారు. దొప్పలు ఒక్కొక్కటే టక్కుమన్నాయి. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఊరంతా చూసింది," అన్నాడు స్కూటర్ మీద.

"చూడలేదండీ. దుప్పటి పట్టారు."

రాత్రి కూరలో ఉప్పు తక్కువైందని కూడా అనలేదంటే మనిషి గట్టిగానే దెబ్బతిన్నాడని ఆమెకి అర్థమైంది. పోనీ అనుకుని ఉప్పుడబ్బా దగ్గరగా జరిపింది.

గురువారం వాళ్ళు వచ్చేసరికి నీలం తలుపుల తాళాలకి వలిసె పూల దండలు వేలాడుతున్నాయి. గడప మీద పసుపు. అడ్డాకు దొప్పలో సామబియ్యం, మీద ఒక రూపాయి కాసంత కుంకుమ.

"ఎవరిదీ పని?" దుర్గాప్రసాద్ గొంతు లేచింది.

తోటకి వెళ్తున్న ఆడవాళ్ళు గోడ అవతల ఆగారు. బుద్రి బుట్ట దించి, తలుపులకేసి చేతులు జోడించింది.

"సిన్న పూజ మేష్టరు. తెల్లారితే కడుగుతారు. పొటో తీత్తారు. ఎవులినీ ముట్టనివ్వరు. మా అమ్మోరి గుడైనా పండక్కి తెరుత్తాం. ఈ దేవత మరీ పెద్దది కామోసు. తెలవక ఇన్నాల్లూ మొక్కనేదు, తప్పయిపోనాది."

మిగతా ఆడవాళ్ళు కొంగులు నోళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. ఆ కొంగులన్నీ ఊగుతున్నాయి.

అతను దండలు తెంపి పారేశాడు. మళ్ళీ కడిగాడు, మళ్ళీ తుడిచాడు. తాళాలు వేసి, బండరాయెక్కి ఫోటో పంపి దిగొచ్చేసరికి తాళాలకి కొత్త దండలున్నాయి. గోడ అవతల ఎవరూ లేరు. తోటలోంచి మాత్రం పాట వినిపిస్తోంది.

ఆఫీసరు పదింటికి వస్తానన్నాడు. భోజనాల వేళయినా జీపు జాడ లేదు. పొద్దున్న ఇంటి దగ్గర తాగిన కాఫీ, ప్రేయరు తర్వాత తాగిన టీ తమ పని తాము చేసుకుపోయాయి. దుర్గాప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. నీలం తలుపు దాకా వెళ్ళి ఆగాడు. లోపల ఆరిన టైల్స్ తళతళలాడుతూ కళ్ళ ముందు మెదిలాయి. జీపు ఏ క్షణాన్నయినా రావచ్చు. తడి మరకలు ఆరడానికి టైం పడుతుంది. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. వెనక గోడ దగ్గర మగపిల్లలు బారులు తీరి ఉన్నారు. తెల్లచొక్కా వేసుకున్న హెడ్మాస్టరు వాళ్ళ పక్కన నిలబడలేడు. తోట నిండా మనుషులు. మళ్ళీ వచ్చి కూర్చుని కాలు మీద కాలు బిగించాడు.

తరగతిలోంచి జగదీష్ గొంతు ఖంగున వినిపించింది. "టీచర్, ఇయ్యాల సార్ దొప్ప కాళీ! సార్‌కి ఒంట్లో బాగోనేదా?"

భానుశ్రీ బయటికొచ్చింది. చేతిలో నిండు గ్లాసు.

"మంచినీళ్ళు తాగండి సార్. ఎండ మొహాన కొడుతోంది."

అతను ఆ గ్లాసుని చూసిన చూపులో భయం ఉంది. "వద్దు."

"పోనీ తోటలోకి వెళ్దామా? దుప్పటి పట్టమని చెప్తాను. వాళ్ళు ఏమీ అనుకోరు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళమే, కానీ ఆమె కళ్ళు నవ్వడం లేదు. ఆ కళ్ళు తరగతి వైపు తిరిగాయి. విజిట్ అని ఇవాళ ఎవరూ గేటు దాటలేదు; లోపల ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. అందరిలోకి చిన్నదొకటి కాలు మీద కాలు బిగించి, అచ్చం అతను కూర్చున్నట్టే కూర్చుంది. అతను తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"పొద్దున్నుంచీ... ఇలాగేనా వీళ్ళు?" అన్నాడు మెల్లగా.

"బడి వదిలేదాకా. రోజూ."

జీపు హారన్ వినిపించింది.

ఆఫీసరు హుషారు మనిషి. దిగుతూనే ఫోన్ చేతిలోకి తీసుకుని నేరుగా నీలం తలుపుల దగ్గరికి నడిచాడు. పూలదండలు చూసి ఆగి, ఫక్కున నవ్వాడు. "ఇదేంటి మేష్టారూ, పూజలు చేస్తున్నారా? పాపం కొండవాళ్ళు, అమాయకులు. టాయిలెట్ కడితే గుడనుకున్నారు!"

దుర్గాప్రసాద్ తాళాలు తీశాడు. ఆఫీసరు లోపలికి తొంగిచూసి ఈల వేసినంత పని చేశాడు.

"అద్దంలా ఉంది! ఈ పిల్లలతో ఇంత శుభ్రం ఎలా సాధ్యమండీ? మిగతా హెడ్మాస్టర్లకి చూపించాలి. ఇలా నిలబడండి, వీడియో తీస్తాను. మీ రహస్యమేమిటో చెప్పండి."

ఫోన్ అతని మొహానికి ఎదురుగా లేచింది. బడి పిల్లలంతా వరండాలో నిలబడ్డారు. గోడ అవతల తోటపని ఆపి ఆడవాళ్ళు గుమిగూడారు. వాళ్ళ ముందు బుద్రి. ఆమె పక్కన స్వెట్టరు వేసుకుని, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చిట్టి. బళ్ళోకి రావడానికి తల్లి ఒప్పుకోలేదు, చూడ్డానికి మాత్రం ఒప్పుకుంది.

"విద్యార్థుల్లో... అవగాహన..." దుర్గాప్రసాద్ మొదలుపెట్టాడు. నుదుటి మీద చెమట. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. భానుశ్రీ ఆడపిల్లల వెనక నిలబడి ఉంది. సాయం చెయ్యలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి అతని వాక్యం ఆమె పూర్తి చెయ్యలేదు.

"రహస్యమేమీ లేదండీ," అన్నాడు. "ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. అంతే."

ఆఫీసరు నవ్వు సగంలో ఆగింది. ఫోన్ దించాడు. "అదేం మాటండీ? సరే, అది తీసేద్దాం, మళ్ళీ మొదలెట్టండి. వీళ్ళకి అలవాటు లేదు, మెల్లగా నేర్పుతున్నాం అని చెప్పండి. అదే కదా నిజం."

"కాదండీ. అలవాటుంటుందో లేదో చూడ్డానికి ఒక్కరోజు కూడా తలుపు తియ్యలేదు. ఆ ఫోటోలన్నీ ఖాళీ గదుల ఫోటోలు."

"మేష్టారూ, ఈ మాట రాసివ్వమంటే ఇవ్వాల్సొస్తుంది. ఆలోచించుకోండి."

"ఇస్తానండి." అతను తలుపులు రెండూ బార్లా తెరిచి, దండలున్న తాళాలని తీసి పక్కన పెట్టాడు. వరండాకేసి తిరిగి, ప్రేయరులో పిలిచే గొంతుతో పిలిచాడు. "ఆడపిల్లలు ముందు. తోసుకోకండి. నీళ్ళు కొట్టి రండి."

వాళ్ళు కదల్లేదు. టీచర్ మొహం చూశారు. భానుశ్రీ తలూపింది. అప్పుడు కాళ్ళు లేచాయి. చెప్పులు విప్పాలో వద్దో తెలీక ఒకటి గడప దగ్గర తటపటాయిస్తే, నూకరత్నం వెనకనుంచి "ఎల్లే, ఎల్లు" అని ముందుకి తోసింది. తెల్లటి టైల్స్ మీద ఎర్రమట్టి అడుగులు పడ్డాయి. దుర్గాప్రసాద్ వాటిని చూశాడు, చూపు తిప్పుకున్నాడు. వరస చివర వెళ్ళి నిలబడ్డాడు.

"ముందు మీరు వెళ్ళిరండి మేష్టారూ," అన్నాడు ఆఫీసరు, అతని అవస్థ కనిపెట్టి.

"నా వంతు రానివ్వండి."

వంతు వచ్చేసరికి అతని మొహం చూడలేక భానుశ్రీ చెట్లకేసి చూసింది. బయటికి వచ్చినప్పుడు చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకోవడానికి జేబురుమాలు తియ్యలేదు. ఆఫీసరు ఏదో అంటున్నా వినకుండా, నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. బుద్రి వెనక్కి తగ్గలేదు. నడుము మీద బుట్ట, బుట్ట మీద చెయ్యి.

"పిల్లని పంపు... పంపండమ్మా," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆమెని అతను ఏయ్ అని తప్ప పిలవలేదు.

"ఎందుకు పంపాలి?" అంది బుద్రి.

అతను గోడ మీది నాచు గోటితో గీరాడు. శుభ్రం చేస్తున్నాడని కాదు, చేతులకి పని కావాలి.

"తప్పు నాదే," అన్నాడు గొంతులోనే.

"ఏటి మేష్టరు? ఇనపడనేదు. నా గుంటకీ ఇనపడనేదు."

దుర్గాప్రసాద్ తలెత్తాడు. గోడ అంచున రెండు కళ్ళు అతన్నే చూస్తున్నాయి. ఈసారి వరండాలో పిల్లలకీ, జీపు దగ్గర ఆఫీసరుకీ, వాలులో పళ్ళు కోస్తున్న మగవాళ్ళకీ వినపడేలా అన్నాడు.

"తప్పు నాది. పిల్లది కాదు, మీది కాదు. నాది."